వకుళకు భాష కుదరలేదు

వెలుగు పక్షం, పాడ్యమి

ఈ ఉదయం గట్టు మీదికి సూర్యుడు ఎక్కాడు. ఇక పద్నాలుగు రోజులు దిగడు. కిటికీ రేకులు తెరిచి, చీకటి పక్షమంతా దీపాల కింద పాలిపోయిన గోంగూర తొట్లను వెలుగులోకి జరిపాను. చందమామ మీద గోంగూర పండదని మొదటి ఓడలో వచ్చినవాళ్ళు పందెం కట్టుకున్నారట. పండుతోంది. పులుపు కాస్త తక్కువ, అంతే.

మా ఇంటి నీళ్ళ వంతు ఉదయం ఆరింటికి. ఇవాళ రెండు నిమిషాలు ముందే వచ్చింది. ఈ వెన్నెలపేటలో కుళాయి నీళ్ళు తొందరపడకుండా, పాకంలా సాగుతూ పడతాయి కనక బకెట్ పెట్టేలోగా పెద్దగా పోలేదు. అయినా రాసి ఉంచుతున్నాను. దినచర్య రాయడం ఇక్కడ ప్రతి ఇంటి పెద్దకూ నియమం. నియమం కాకపోయినా రాసేదాన్ని.

మధ్యాహ్నం ఉద్యోగాల సభ నుంచి తాకీదు వచ్చింది. మా మనవరాలు వకుళకు పద్దెనిమిదేళ్ళు నిండాయి కనక ఈ వెలుగు పక్షం ముగిసేలోగా భాష పట్టాలి. పడితే ప్రోగ్రామర్ ఉద్యోగం. పట్టకపోతే జీవితమంతా సౌరఫలకాల మీద దుమ్ము తుడిచే పని. వాళ్ళమ్మ మంచు గనుల్లో ఉంటుంది, చీకటి పక్షంలో గాని ఇంటికి రాదు. అందువల్ల పెద్దల సంతకం నాది.

ఊరిని నడిపే ప్రోగ్రాములన్నీ మూడు భాషల్లో ఉన్నాయి: గవ్వ, తూనీగ, దొంతర. బడిలో పిల్లలకు మూడూ నేర్పుతారు. పద్దెనిమిదేళ్ళకు ఒక భాష ఎంచుకుని ఆ భాషవాళ్ళ ఇంట్లో, అంటే సంఘంలో, చేరాలి. చేరాక గురువు, జీతం, ముసలితనంలో విశ్రాంతి గది, అన్నీ ఆ ఇంటివే. మిగతా రెండు భాషల్లో రాసినదాన్ని ముట్టుకోకూడదు, చదవకూడదు. దీన్ని మొదటి ఓడవాళ్ళు వేళాకోళానికి మడి అన్నారు. వేళాకోళం చేసినవాళ్ళు పోయారు, మడి మిగిలింది. నాది గవ్వ. నలభై రెండేళ్ళు అందులో రాశాను. ఇప్పుడు ఆ ఇంటి పరీక్షాధికారి కుర్చీ నాదే.

"ఏ భాష పడతావే?" అని అడిగాను.

"ఏ పనికి, అమ్మమ్మా?"

"పనికి కాదు. జీవితానికి."

"చేసే పని తెలీకుండా పనిముట్టు ఎలా కొంటారు?" అని, నా పళ్ళెంలో అప్పడం తీసుకుని వాకిలి దాకా ఒక్క గంతు వేసింది. ఇంట్లో గంతులు వేయకూడదని వెయ్యిసార్లు చెప్పాను. పైకప్పుకు తల తగిలింది. అప్పడం నాకు తిరిగి రాలేదు.

వెలుగు పక్షం, తదియ

నిన్న నీళ్ళు నాలుగు నిమిషాలు ఆలస్యం. ఇవాళ ఎనిమిది నిమిషాలు ముందు.

అసలే ఇవాళ తూనీగవాళ్ళ చూపులు. అరబకెట్టు నీళ్ళతోనే వంట, ఇల్లు తుడవడం, వకుళ మొహం కడగడం అయ్యాయి. తూనీగ ఇంటి పెద్ద విశాలాక్షిగారు, ఆవిడ చెల్లెలి కొడుకు ప్రద్యుమ్న వచ్చారు. ఆ కుర్రాడు రెండేళ్ళ కిందటే భాష పట్టాడు, అప్పుడే ముగ్గురికి పైవాడయ్యాడు. బంగాళాదుంప బజ్జీలు పెట్టాను. విశాలాక్షిగారు రెండు తిన్నారు. కుర్రాడు నాలుగు తిన్నాడు, నాలుగోది అడక్కుండా తీసుకున్నాడు.

"మా తూనీగలో పిల్ల రాణీలా ఉంటదండీ. కొత్తది, కుర్రది, ఎక్కడ చూసినా అదే కదండీ ఇప్పుడు. ఆయ్," అన్నారు విశాలాక్షిగారు.

వాళ్ళ ముందు వకుళ చిన్న ప్రోగ్రాం రాసి చూపించింది. ప్రద్యుమ్న తల ఊపాడు. ఇక మనం అడగవలసినవి ఉంటాయి కదా. సంబంధమన్నాక ఆరా తీయాలి.

"తప్పు రాస్తే ఎక్కడుందో మీ భాష చెబుతుందా, లేక ఎక్కడో ఉంది వెతుక్కో అంటుందా?" అని అడిగాను.

"చెబుతుంది మామ్మగారూ. చాలా చక్కగా చెబుతుంది," అన్నాడు ప్రద్యుమ్న.

"మరి పోయినేడు రాసినది ఈ ఏడు నడుస్తుందా?" ఈ ప్రశ్న వకుళది.

కుర్రాడు పెద్దమ్మ వైపు చూశాడు. పెద్దమ్మ బజ్జీ వైపు చూశారు.

"చిన్న చిన్న మార్పులండీ. వారానికోసారి. అదే కదండీ ఎదుగుదలంటే!"

చేతులు కడుక్కుంటానన్నాడు. నీళ్ళు లేవన్నాను, ఎందుకు లేవో చెప్పాను. కాగితంతో తుడుచుకుంటూ నవ్వాడు. "ఆ నీళ్ళ వంతుల సంగతి మావాళ్ళు ఎప్పుడో పట్టేశారండీ. పంపు వాల్వులో దుమ్ము చేరి కాస్త పట్టేస్తోంది. నిన్న ఎంత తేడా వచ్చిందో చూసి, ఇవాళ అంత జరుపుతుంది మా దిద్దుబాటు. రేపట్నించి సెకను తేడా ఉండదు, చూస్కోండి."

వెళ్ళాక వకుళను అడిగాను. భాష నచ్చిందట. ఆ ఇంట్లో ఎవరూ తమది కానిదాన్ని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదట, అది నచ్చలేదట.

వెలుగు పక్షం, పంచమి

నిన్న పదహారు నిమిషాలు ఆలస్యం. ఇవాళ ముప్ఫై రెండు నిమిషాలు ముందు. నేను పక్క మీద ఉండగానే వచ్చి పోయాయి. ఎదురింటివాళ్ళను అడిగి రెండు చెంబులు తెచ్చుకున్నాను. ఇది నేను ఆనందంగా రాస్తున్న వాక్యం కాదు.

ఇవాళ దొంతరవాళ్ళ చూపులు. ఆ ఇంటి పెద్ద యాదగిరి ఒక్కరే వచ్చారు. ఊరి గొట్టాలన్నీ ఆయన చూసుకుంటారు. బజ్జీలు వద్దన్నారు, రాగి జావ అడిగారు.

"ఏమనుకోకుండ్రి అమ్మా, ఉన్నదున్నట్టు చెప్త. మాది నెమ్మది భాష. పొర మీద పొర, పొర మీద పొర. చిన్న పని గావాలన్నా ఏడు పొరలు దాటాలె. పోరగాండ్లు మాదాన్ని చూసి నవ్వుతరు. కానీ కడుపుకి లోటుండదు."

ఇంత నిజాయితీగా సంబంధం మాట్లాడినవాళ్ళను నేను చూడలేదు. వకుళ ఆయన పక్కన కూర్చుని ఆ ఏడు పొరలూ విప్పించుకుంది.

మాటల్లో నీళ్ళ సంగతి వచ్చింది. "అగో, అది మావోళ్ళు గూడ దిద్దిన్రమ్మా. నిన్నటి తేడా చూసి ఇయ్యాల సర్దుతది. మరి ఎందుకు ఆగుతలేదో సమజైతలేదు." ఆయన జావ గిన్నె కింద పెట్టారు. "వెలుగు పక్షంల ఏమైనా ఫరవాలేదు. చీకటైతే గొట్టాలు గడ్డకడ్తయి గదా. వంతు టైముకి ముంగట పది నిమిషాలు గొట్టాల్ని వెచ్చబెడ్తం. గా టైముకి నీళ్ళు రాక, ఇంకో టైముకొస్తే సల్ల గొట్టంల పడి గడ్డకట్టి గొట్టమే పగుల్తది. నీళ్ళు లేక ఊరంత పండవెట్టినట్టే."

ఆయన వెళ్ళగానే శేషావతారానికి ఫోన్ చేశాను. ఆయన మా గవ్వ ఇంటి పెద్ద. నాతో పాటే భాష పట్టిన మనిషి. "నీళ్ళ వంతుకు మనవాళ్ళు కూడా ఏమైనా దిద్దుబాటు రాశారా?" అని అడిగాను.

"రాయక? పోయిన పక్షంలోనే రాశాం. నిన్నటి తేడా చూసి..."

"ఇవాళ సర్దుతుంది. తెలుసు. మిగతావాళ్ళతో చెప్పారా?"

"వాళ్ళ దానిలోకి మనం తొంగి చూడం, మన దానిలోకి వాళ్ళు తొంగి చూడరు. మర్యాద, హేమాంబా!"

రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫై రెండు. ఒకరోజు ముందు, ఒకరోజు వెనక. కాగితం మీద రాసి వకుళ ముందు పెట్టాను. ఎందుకో చెప్పమన్నాను. నేను జవాబు చెప్పకుండా ప్రశ్న మాత్రమే వేసే మనిషినని దానికి తెలుసు. ఈసారి జవాబు నాకూ తెలియదని మాత్రం తెలియదు.

వెలుగు పక్షం, షష్ఠి

నీళ్ళు గంటా నాలుగు నిమిషాలు ఆలస్యం. జవాబు మాత్రం ఆలస్యం కాలేదు.

"మూడూ చదివాను," అంది వకుళ.

"మడి?"

"నేనింకా ఎవరింట్లోనూ చేరలేదుగా. నాకు మడేమిటి?"

నియమావళి తీసి చూశాను. అది చెప్పింది నిజమే. ఊళ్ళో ఈ వయసు పిల్లలకు, అదీ కొన్ని రోజులే, మూడు ప్రోగ్రాములూ చదివే హక్కు ఉంది. ఇన్నేళ్ళలో ఒక్కరూ దాన్ని వాడుకున్నట్టు లేదు. ఆ కొన్ని రోజులూ చూపుల బజ్జీలతోనే గడిచిపోతాయి.

"పప్పులో ఉప్పు చాల్లేదనుకో అమ్మమ్మా. ఒకరు వేస్తే సరిపోతుంది. ముగ్గురు, ఒకరికి తెలీకుండా ఒకరు, చాల్లేదన్నంతా వేశారనుకో?"

"ఉప్పెక్కువవుతుంది."

"మర్నాడు ముగ్గురూ రుచి చూసి, ఎక్కువైందన్నంతా ముగ్గురూ తగ్గిస్తారు. అప్పుడు అసలు ఉప్పే ఉండదు. రోజూ ఇదే. నిన్నటి తేడాని మూడుసార్లు సర్దితే, ఒకసారికి తేడా పోతుంది, మిగతా రెండుసార్లకు రెండింతలు అటు వైపుకి పోతుంది. అందుకే రోజూ రెట్టింపు. అందుకే ఒకరోజు ముందు, ఒకరోజు వెనక."

దాని లెక్కలో తప్పు లేదు. ఒక్కో ఇంటి దిద్దుబాటూ విడిగా చూస్తే తిరుగులేనిది. ముగ్గురూ మర్యాదస్తులు. ఆ మర్యాదే ఊరి నీళ్ళను ఊపి ఊపి వదులుతోంది.

నేను పరీక్షాధికారిని కనక గవ్వ దిద్దుబాటును తీయించే అధికారం నాకుంది. వెంటనే తీయించాను. వకుళ ఏదో చెప్పబోయింది. "మొదలుపెట్టిన పని మధ్యలో నోరెత్తకు," అన్నాను.

వెలుగు పక్షం, అష్టమి

నిన్న గంటా నాలుగు నిమిషాలు ముందు. ఇవాళ గంటా నాలుగు నిమిషాలు వెనక. పెరగలేదు. తగ్గనూ లేదు.

"అదే చెప్పబోయాను," అంది వకుళ. "ఇద్దరు మిగిలితే ఒకసారికి తేడా పోతుంది, రెండోసారికి అంతే తేడా అటు వైపుకి పోతుంది. రోజూ అటూ ఇటూ ఊగుతుంది. రెండు తీసేయాలి. ఒకటే ఉండాలి."

శేషావతారం తెల్లగా వచ్చారు. వయసు వల్ల వచ్చిన తెలుపు కాదు, సబ్బు. ఆరింటి వంతు నమ్ముకుని ఒళ్ళంతా రుద్దుకుని కూర్చున్నారట. ఏడింటి దాకా అలాగే కూర్చుని, చివరికి తువ్వాలు చుట్టుకుని వచ్చేశారు.

"నన్నడక్కుండా మన దిద్దుబాటు తీస్తావా? తీస్తే తూనీగవాళ్ళది తీయించాలి. మనది పెట్టాలి!"

ఆయన గుమ్మం దాటకముందే, వకుళ లెక్క అప్పుడే చెవిన పడిందేమో, విశాలాక్షిగారు దిగారు. "మరేనండీ, ఒక్కటే ఉండాలంటే మాదే ఉండాలండీ. మిగతా రెండూ పాతవే కదండీ." ఆ వెనకే యాదగిరి. ఆయన ఏమీ అడగలేదు, గొట్టాల పటం పరిచి తల పట్టుకున్నారు.

ఈ ముగ్గురే ఉద్యోగాల సభ. మా వరండాలో ఆ సభ మధ్యాహ్నం దాకా సాగింది. ఎవరిది ఉండాలన్నది ఎవరూ తేల్చలేరు, ఎందుకంటే ఒకరిది ఒకరు చదవలేదు. చివరికి యాదగిరే అన్నారు: "మూడూ చదివినామె ఒక్కతే ఉన్నది గదా. పోరినే అడుగుదం."

దశమి నాడు సభలో వకుళ చెప్పాలని ఒప్పుకున్నారు. ఒప్పుకుని, ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నన్ను పక్కకు పిలిచారు. శేషావతారం, గవ్వ ఉంటే వకుళకు గాలి తలుపుల పని అన్నారు. ఊరి గాలి బయటికి పోకుండా చూసేవి అవి, అన్నిటికన్నా పెద్ద పని. విశాలాక్షిగారు ప్రద్యుమ్న స్థానమే ఇస్తామన్నారు. ఆ కుర్రాడు అక్కడే ఉన్నాడు పాపం. యాదగిరి మాత్రం, "మా ఇంట్ల జాగ ఎట్లయినా ఉంటదమ్మా. ఏది చెప్పినా సరే," అన్నారు.

లోపలికి వచ్చి వకుళకు మూడు మాటలూ చేరవేశాను. దాచడం నాకు చేతకాదు.

"ఒకరిది ఉంచితే ఇద్దరు తలుపు మూసేస్తారన్నమాట," అంది.

"అవును. ఎవరిది ఉంచుతావో ఆ ఇంట్లోనే ఇక నీకు అన్నం."

అది చాలాసేపు గోంగూర ఆకులు లెక్కపెట్టింది. ఆకులు లెక్కపెడితే దానికి మెదడు నడుస్తుంది.

వెలుగు పక్షం, దశమి

సభకు వకుళ నా చీర కట్టుకుని వెళ్ళింది. ఇక్కడి బరువుకు కుచ్చిళ్ళు నిలవవు, గాలిలో తేలుతుంటాయి. అంచుకు నాలుగు ఇనుప రింగులు కుట్టి పంపాను.

"గవ్వది గట్టిది," అని మొదలుపెట్టింది. శేషావతారం మీసం సర్దుకున్నారు. "పదేళ్ళు ముట్టుకోకపోయినా నడుస్తుంది. కానీ ఎందుకలా నడుస్తుందో అందులో ఒక్క మాట రాసి లేదు. రాసిన తాతగారిని అడిగితే 'అదంతే' అన్నారు."

"అదంతే మరి!" అన్నారు శేషావతారం.

"తూనీగది వేగం. అది చేసేంత వేగంగా ఇంకేదీ చేయదు. కానీ వారానికోసారి మార్చాలి. వాల్వు వారానికోసారి మారదు. నీళ్ళు రోజుకోసారి వస్తాయి, అంత వేగాన్ని అవేం చేసుకుంటాయి? దొంతరది నెమ్మది. వాల్వును చూడడానికి ఏడు పొరలు దాటుతుంది. కానీ ప్రతి పొర దగ్గరా ఎందుకు దాటిందో రాసి పెట్టారు. రేపు నేను లేకపోయినా, ఇంకెవరైనా చదివి దిద్దగలరు. నీళ్ళకు దొంతరదే ఉండాలి."

యాదగిరి లేచి నిలబడ్డారు. "మాదా?"

"మీదే, బాబాయ్."

"ఇంకోపారి చూస్కో బిడ్డా. మాదాన్ని ఇప్పటిదాంక ఎవ్వలు మెచ్చుకోలే."

సభలో నవ్వులు. విశాలాక్షిగారు నవ్వలేదు. "అబ్బో! చూపులు అయ్యాయి, జావ తాగారు, సీటు ఖాయం చేస్కున్నారు, ఇప్పుడు తీర్పు చెప్పించారు. బాగుందండీ వరస!"

వకుళ మొహం నల్లబడింది. నాకు ఆవిడ మీద కోపం రావలసింది. వచ్చింది కూడా. కానీ ఊళ్ళో సగం మంది రేపు ఆ మాటే అంటారని కూడా అప్పుడే తెలిసింది.

తూనీగ దిద్దుబాటు సాయంత్రానికి తీసేశారు.

వెలుగు పక్షం, ఏకాదశి

ఆరు గంటలకు నీళ్ళు వచ్చాయి. రెండు బకెట్లు, ఒక బిందె, ఇంట్లో ఉన్న చెంబులన్నీ పట్టాను. తలంటు పోసుకున్నాను. ఎదురింటి చెంబులు రెండూ తిరిగి ఇచ్చాను.

వెలుగు పక్షం, త్రయోదశి

నీళ్ళు ఆరింటికే.

మూడు రోజులుగా వకుళ ఒక్క మాట మీదే ఉంది. దొంతరలో చేరదు.

"యాదగిరిగారు మంచివారు. పిలుస్తున్నారు. జనం అనేది నాలుగు రోజులు అంటారు," అన్నాను.

"నాలుగు రోజుల గురించి కాదు అమ్మమ్మా. ఆ ఇంట్లో చేరితే నేను చెప్పింది అమ్ముకున్నట్టే. ఇంకెప్పుడూ ఎవరూ నన్నడగరు. పైగా చేరిన మర్నాటి నుంచి మిగతా రెండూ చదవకూడదు. రేపు గాలి తలుపులు ఇలాగే ఊగితే ఎవరు చూస్తారు?"

"చూసేవాళ్ళు చూస్తారు."

"ఎవరు?"

గొంతు పెంచాను. "ఇల్లు లేని ప్రోగ్రామర్ అంటే ఏమిటో తెలుసా నీకు? జబ్బు చేస్తే అడిగేవాళ్ళుండరు. తెలీకపోతే చెప్పేవాళ్ళుండరు. రేపటి నుంచి దుమ్ము గుడ్డే నీకు! నాకు డెబ్భై ఒకటి. ఎన్నాళ్ళు నేను..." ఆ వాక్యం పూర్తి చేయలేదు.

అది ఏడవలేదు. ఏడిస్తే తిట్టడం తేలికయ్యేది. "నాకు ప్రోగ్రాములు రాయడం తప్ప ఇంకేమీ వద్దు అమ్మమ్మా. నీకు తెలుసు. కానీ తప్పు ఎవరింట్లో ఉందని కాదు, తప్పు ఏమిటని అడిగే ఉద్యోగం కావాలి నాకు," అని, దుమ్ము తుడిచేవాళ్ళు వేసుకునే బూట్లు తన కాలికి సరిపోతాయో లేదో చూసుకోవడానికి వెళ్ళింది.

నేను తొట్ల దగ్గర కూర్చున్నాను. షష్ఠి నాడు, నలభై రెండేళ్ళ అనుభవంతో, పరీక్షాధికారి హోదాలో, నేను మా దిద్దుబాటు ఒక్కటీ తీయించాను. మిగతా రెండూ ఏం చేస్తున్నాయో నాకు తెలియదు కనకే అలా చేశాను. తెలిసిన పిల్ల పక్కనే ఉంటే నోరెత్తకు అన్నాను. శేషావతారం గంట సేపు సబ్బుతో కూర్చోవడానికి కారణం తూనీగ కాదు, దొంతరా కాదు.

వెలుగు పక్షం, చతుర్దశి

రేపు సూర్యుడు దిగుతాడు. ఇవాళే చివరి రోజు. వకుళతో పాటు సభకు నేనూ వెళ్ళాను.

"ఏ భాష?" అని అడిగారు శేషావతారం.

"నీళ్ళు," అంది వకుళ. "నీళ్ళ పని ఇవ్వండి. దానికి ఏ భాష కావాలంటే ఆ భాషలో రాస్తాను."

విశాలాక్షిగారు ఫక్కున నవ్వారు. యాదగిరి నేల చూశారు. శేషావతారం నవ్వలేదు. నిజానికి ఆయన చెడ్డ మనిషి కాదు. "అమ్మాయీ, మూడూ తెలిసినవాళ్ళు ఒకరుండడం మంచిదే, ఈ పక్షంలో చూశాం. కానీ రాసినదాన్ని రెండో మనిషి చదివి సరే అనకుండా ఊళ్ళో ఏ ప్రోగ్రామూ నడవకూడదు. ఈ నియమం మీ అమ్మమ్మే పట్టుబట్టి పెట్టించింది. మూడు భాషల్లోనూ నువ్వు రాసింది చదివి, తప్పు పట్టడానికి ఎవరున్నారు చెప్పు?"

నియమం మంచిది. అది లేకుండా ఈ పిల్లను వదిలితే నాలుగో ఉప్పు ఇదే వేస్తుంది. అందుకని చెయ్యెత్తాను.

"నేను చదువుతాను."

"బడిలో నేర్చింది ఎప్పుడో మర్చిపోయావు. నీకిప్పుడు గవ్వ తప్ప రాదు, హేమాంబా."

"నేర్చుకుంటాను."

"మడి?"

"వదిలేస్తాను."

శేషావతారం కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "కుర్చీ పోతుంది. విశ్రాంతి గది కూడా. డెబ్భై ఏళ్ళు దాటాక..."

"డెబ్భై ఒకటి. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఇంటి పెద్ద పదవికి మీకు పరీక్ష పెట్టింది నేను, మర్చిపోయారా? రెండుసార్లు తప్పారు."

"మూడు," అన్నారు ఆయన నెమ్మదిగా. ఈ విషయం అంతవరకు సభలో ఎవరికీ తెలియదు. యాదగిరి దగ్గు వచ్చినట్టు నటించారు.

చేతులెత్తారు. యాదగిరి రెండూ ఎత్తారు, ఒకటి దింపమన్నారు. శేషావతారం ఎత్తారు. విశాలాక్షిగారు ఎత్తకపోయినా రెండు చాలు. వకుళకు నీళ్ళ పని ఇచ్చారు. నేను రెండు భాషలూ నేర్చుకుని వచ్చే వెలుగు పక్షంలో పరీక్షకు కూర్చోవాలి, తప్పితే ఆ పని రద్దు. అందాకా వకుళ రాసేవాటిని మూడు ఇళ్ళ పెద్దలూ తలా ఒక వంతు చదువుతారు.

బయటికి వస్తుంటే విశాలాక్షిగారు నా చెయ్యి పట్టుకున్నారు. "తూనీగ నేర్పడానికి మనిషి కావాలి కదండీ మీకు. మా ప్రద్యుమ్నని పంపుతాను. ఏదో కోపంలో అన్నానండీ ఆ రోజు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగారు. "కాస్త చూసి తిట్టండి వాణ్ణి. సున్నితం."

తలుపు దగ్గర పరీక్షాధికారి కుర్చీ ఉంది. పదకొండేళ్ళు కూర్చున్నాను. దాని మీద దిండు మాత్రం నా సొంతం. తెచ్చుకున్నాను.

చీకటి పక్షం, పాడ్యమి

చీకటి పడింది. కిటికీ రేకులు మూశాను. గొట్టాలు వేళకు వెచ్చబడ్డాయి, నీళ్ళు ఆరింటికి వచ్చాయి. ఊళ్ళో ఏ గొట్టమూ పగలలేదు.

గనుల నుంచి వకుళ వాళ్ళమ్మ వచ్చింది. కూతురికి ఏ భాష కుదిరిందని అడిగింది. కుదరలేదు, ఉద్యోగం వచ్చింది అన్నాను. తువ్వాలు తీసుకుని స్నానానికి వెళ్ళిపోయింది.

ప్రద్యుమ్న వచ్చి తూనీగ మొదటి పాఠం చెప్పాడు. భయపడుతూనే చెప్పాడు గాని బాగా చెప్పాడు. అతను వెళ్ళాక నేను మొదటి ప్రోగ్రాం రాశాను. బకెట్ నిండగానే నీళ్ళు ఆపేది. వకుళకిచ్చాను.

చదివింది. వెనక్కి ఇచ్చింది. "ఇంకోసారి చూడు, అమ్మమ్మా."

"ఎక్కడ తప్పు?"

"వెతుకు."

మళ్ళీ రాశాను. మళ్ళీ వెనక్కి ఇచ్చింది. బకెట్ నిండకముందే ఆగిపోతోందట. ఎందుకో చెప్పదట. నేను చూసుకోవాలట.

ఇది మూడోసారి రాయడం. నా కుర్చీ పక్కన నిలబడి, జవాబు నాలుక చివర పెట్టుకుని, పెదాలు బిగించి చూస్తోంది. పిల్లకు పని చేయించడం వచ్చింది. ఆ సంగతి దానితో చెప్పను. నాకు ప్రస్తుతం చాలా కోపంగా ఉంది.